ముద్దాయి అంటే ఎవరు?

ఉర్దూ మీడియంలో టెన్త్ దాకా చదివి, డిగ్రీలో తెలుగు తీసుకుని, తెలుగు పేపర్లో పనికి చేరినవాడి తంటాలు ఆ అల్లాకే ఎరుక. ఎమ్మిగనూరు కోర్టు నుంచి నేను పంపిన మొదటి వార్త గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుంది. దుకాణం తాళం పగలగొట్టిన కేసు అది. సొమ్ము పోగొట్టుకున్న షాపాయన బోనెక్కి కళ్లు తుడుచుకున్నాడు. నేను "ముద్దాయి కన్నీళ్లు పెట్టుకున్నాడు" అని రాసి పంపాను. కాసేపటికి డెస్కు నుంచి ఫోను.

"ఏమయ్యా, దొంగ ఎందుకు ఏడ్చాడు?"

"దొంగ కాదు సార్, సొమ్ము పోయినాయన."

"మరి ముద్దాయి అని రాశావే?"

"ఔను సార్, ముద్దయీనే కదా!"

ఉర్దూలో ముద్దయీ అంటే దావా వేసినవాడు, ఫిర్యాదు చేసినవాడు. తెలుగులో ముద్దాయి అంటే నేరం మోపబడినవాడు. అదే కచేరీ, దాదాపు అదే మాట, బోనులో మాత్రం మనిషి మారిపోయాడు. ఖూనీ కూడా అంతే. ఉర్దూలో ఖూనీ అంటే చంపినవాడు, తెలుగులో ఖూనీ అంటే చంపడం. ఫార్సీ, ఉర్దూ మాటలు కోర్టుల్లో ఇట్లా కలగలిసిపోయాయి కనుకే సీపీ బ్రౌన్ దొర 1852లో వాటికోసమని ప్రత్యేకంగా ఒక జిల్లా నిఘంటువు వేశాడు. అది నా చేతిలో ఉండుంటే ఆ రోజు నా ఇజ్జత్ దక్కేది.

ఆ గలతీ నాకొక మేలు చేసింది. చిన్నప్పటినుంచి మా ఇంట్లో ఉన్న ఒక సవాలుకు జవాబు వెతికే దారి చూపింది. అదేంటంటే, మా అబ్బా లాంటి నమాజీ మనిషి, పైసా హరామ్ తినని మనిషి, దోపిడీల కితాబులు, దగాకోరుల కితాబులు అంత ఇష్టంగా ఎందుకు చదివేవాడు?

అబ్బా ఆదోనిలో ఒక పత్తి దలాలీ అంగట్లో గుమాస్తా. ఆదోనిని రెండో బొంబాయి అనేవాళ్లు. సీజన్లో మార్కెట్ యార్డు ముందు ఎద్దుల బండ్లు, తర్వాతి రోజుల్లో ట్రాక్టర్లు, లారీలు. జిన్నింగు మిల్లుల నుంచి దూది ఎగిరి చెట్ల మీద, మనుషుల మీసాల మీద వాలేది. పగలంతా లెక్కలు రాసి, ఇషా నమాజు తర్వాత అబ్బా లాంతరో బల్బో దగ్గర పెట్టుకుని కితాబు తీసేవాడు. బస్టాండు దగ్గరి అద్దె లైబ్రరీలో ఒక గోడకు తెలుగు, ఒక గోడకు ఉర్దూ. తెలుగు గోడకు కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన అసిస్టెంట్ రాజు. ఆ పక్కనే మధుబాబు గారి షాడో. ఉర్దూ గోడకు ఇబ్నె సఫీ.

ఇబ్నె సఫీ అంటే ఎవరో ఈ తరం తెలుగు చదువరులకు చెప్పాలి. అసలు పేరు అస్రార్ అహ్మద్. 1928లో అలహాబాదు జిల్లా నారా గ్రామంలో పుట్టాడు. బూతు లేకుండా ఉర్దూలో చవక నవలలు అమ్ముడుపోవని ఎవరో అంటే, పోతాయని చూపించడానికి కలం పట్టాడని ఖిస్సా. 1952 మార్చిలో అలహాబాదు నుంచి జాసూసీ దునియా సిరీస్‌లో మొదటి నవల దిలేర్ ముజ్రిమ్ వచ్చింది. అదే ఏడాది ఆయన పాకిస్తాన్ వెళ్లిపోయాడు. కితాబులు మాత్రం సరిహద్దుకు రెండు పక్కలా అచ్చవుతూనే ఉన్నాయి. జాసూసీ దునియా 125, ఇమ్రాన్ సిరీస్ 120. మధ్యలో మానసిక జబ్బు చేసి మూడేళ్లు కలం పక్కన పెట్టాడు. కోలుకుని 1963లో డేఢ్ మత్వాలే రాస్తే, మన దేశంలో ఆ నవలను విడుదల చేసినాయన లాల్ బహదూర్ శాస్త్రి. హిందీలో ఆయన ఫరీదీ వినోద్ అయ్యాడు, ఇమ్రాన్ రాజేశ్ అయ్యాడు. 1980లో తన పుట్టినరోజునే, జూలై 26న, కరాచీలో కన్నుమూశాడు.

ఫరీదీ అంటే అబ్బాకు ప్రాణం. నవాబుల బిడ్డ, లంచం ఎరగడు, ఆడవాళ్ల వెంట పడడు, ముజ్రిమ్ ఎంత పెద్దవాడైనా వదలడు. దేశం ముక్కలైన ఐదేళ్లకు, ముసల్మాన్ అంటే అనుమానంగా చూసే కాలంలో, ఖానూన్ తరఫున నిలబడే ఒక ముసల్మాన్ అఫ్సర్‌ను ఇబ్నె సఫీ మాకిచ్చాడు. మా బస్తీ అద్దాల్లో అట్లాంటి ముఖం ఒకటి కనపడటం ఎంత తసల్లీనో బయటివాళ్లకు అర్థం కాకపోవచ్చు.

1990లో అబ్బా ఫరీదీని వదిలేశాడు.

ఆ ఏడాది జరిగింది చెప్తాను, పేర్లు వద్దు. అబ్బా, ఆయన జిగ్రీ దోస్తు కలిసి ఒక చీటీ నడిపేవాళ్లు. ఇరవై మంది సభ్యులు. అందరూ హమాలీలు, జిన్నింగు కూలీలు, ఇద్దరు దర్జీలు. లెక్కల పుస్తకం అబ్బా దగ్గర, పైసలు దోస్తు దగ్గర. ఒక జుమ్మా రోజు ఆ దోస్తు నమాజుకు రాలేదు. ఇంటికి తాళం. భార్యాపిల్లలతో సహా రాత్రికి రాత్రే వెళ్లిపోయాడు. ఇరవై మంది మా వాకిట్లో నిలబడ్డారు. పైసలు నా దగ్గర లేవని అబ్బా చెప్తే నమ్మినవాళ్లు కొందరు, ఇద్దరూ కలిసే తిన్నారన్నవాళ్లు కొందరు. అబ్బా పోలీస్ స్టేషన్‌కు పోలేదు. అమ్మీ మొత్తుకుంది, మామూలు మొత్తుకున్నారు. "నక్కో" అన్నాడు అంతే. అమ్మీ గాజులు పోయాయి, ఎమ్మిగనూరులో నానా ఇచ్చిన కుట్టుమిషన్ పోయింది. ఆరేళ్లపాటు నెలనెలా ఒక్కొక్కరికి కట్టి, పుస్తకంలో పేరు పేరుకూ అడ్డంగా గీత కొట్టాడు. ఫిర్యాదు ఎందుకు చేయలేదన్న మాట అమ్మీ నోట చివరిదాకా పోలేదు. ఉర్దూ లెక్కన అబ్బా ముద్దయీ. ఊరి కళ్లలో తెలుగు ముద్దాయి.

అద్దె లైబ్రరీ ఖాతా మాత్రం మూయలేదు. కానీ ఇంటికొచ్చే కితాబులు మారాయి. జేమ్స్ హాడ్లీ చేజ్ నవలల ఉర్దూ తర్జుమాలు. ముజ్రిమ్ అనే పేరుతోనే ఢిల్లీ నుంచి వచ్చే పాత మాసపత్రికలు. వాటిలో ఫరీదీ లాంటివాడు ఉండడు. పోలీసువాడు ఉన్నా ఆఖరి పేజీల్లో వస్తాడు. నలుగురు కూర్చుని దోపిడీకి నక్షా గీస్తారు. పని సఫాయిగా అయిపోతుంది. పంపకాల దగ్గర ఒకడు ఇంకొకడిని పొడుస్తాడు. ఒక్కడూ బాగుపడడు. మోసపోయిన మనిషికి మోసం కథలు ఎందుకు? కాలిన చోటే మళ్లీ వేలు పెట్టడం కాదా? పదేళ్ల పిల్లవాడిగా నాకు అర్థం కాలేదు. నలభై దాటాక, పాతికేళ్లు కోర్టు మెట్లెక్కి దిగాక, కొంత అర్థమైంది. అందుకోసం ఈ జాతి కితాబుల తారీఖ్ కొంచెం తిరగేయాల్సి వచ్చింది.

మన దగ్గర దొంగను ప్రేమించడం కొత్త కాదు. దాస్తానుల కాలంలో అమర్ అయ్యార్ ఉన్నాడు. లక్నోలో నవల్ కిశోర్ ప్రెస్సు 1883 నుంచి అచ్చేసిన తిలిస్మె హోష్‌రుబాలో వీరులందరికన్నా జనం ఎక్కువ ఎదురుచూసింది ఆ మోసగాడి కోసమే. అతని జంబీల్ సంచిలో లోకమంతా పడుతుంది, అయినా పైసాకు పడిచచ్చే పిసినారి. 1916లో జఫర్ ఉమర్ నీలీ ఛత్రీ రాశాడు. ఫ్రెంచి దొంగ ఆర్సెన్ లూపిన్ కథను తీసుకుని బహ్రామ్‌ను పుట్టించాడు. రాసినాయన స్వయానా పోలీసు అఫ్సర్. తర్వాత తీరథ్‌రామ్ ఫిరోజ్‌పురీ ఇంగ్లీషు క్రైమ్ నవలలను కుప్పలుగా ఉర్దూలోకి తెచ్చాడు. ఆయన హిందువు, ఆయన కలం ఉర్దూ, చదివేవాళ్లు అందరూ. కానీ ఈ దొంగలంతా సరదా దొంగలు. వాళ్లు దోచుకుంటే మనం చప్పట్లు కొడతాం. మనసులో ముల్లు గుచ్చుకోదు.

ముల్లు గుచ్చే మొదటి కితాబు మన దక్కన్ మట్టిలోంచే వచ్చింది. నిజాం కొలువులో ఫిలిప్ మెడోస్ టేలర్ అనే ఇంగ్లీషు అఫ్సర్ ఉండేవాడు. పదహారేళ్లకే, 1824లో, నిజాం ఫౌజులో చేరాడు. తర్వాత మాకు వాయవ్యంగా, కృష్ణ దాటితే వచ్చే సురపురం సంస్థానాన్ని చూసుకున్నాడు. 1839లో లండన్‌లో ఆయన నవల అచ్చయింది. పేరుకు తగ్గట్టే అది ఒక ఠగ్గు ఇక్బాలియా బయాన్. అమీర్ అలీ అనే ఠగ్గు తన నేరాలన్నీ ఒక దొరకు కూర్చుని చెప్తాడు. బాటసారులతో దోస్తీ కట్టడం, కలిసి తినడం, నవ్వించడం, నమ్మించడం, ఆ తర్వాత రుమాలు మెడకు వేయడం. విక్టోరియా రాణి ఆ నవల ప్రూఫులే తెప్పించుకుని ఆబగా చదివిందంటారు.

అమీర్ అలీ ఎందుకు చెప్తున్నాడు? ఎందుకంటే అతను అప్రూవర్. ఉర్దూలో వాదా మాఫ్ గవాహ్. ప్రాణభిక్ష పెడతామంటే తనవాళ్లను పట్టించినవాడు. స్లీమన్ దొర నడిపిన ఠగ్గీ కేసులన్నీ అట్లాంటి గవాహీల మీదే నిలబడ్డాయి. 1836 చట్టం ప్రకారం ఠగ్గుల ముఠాకు చెందినవాడని రుజువైతే చాలు, ఫలానా ఖూనీ చేశాడని చూపించక్కర్లేదు, యావజ్జీవం. పట్టించినవాడి మాట ఎంత నిజం, ఎంత దొరగారి మెప్పు కోసం అని చరిత్రకారులు ఇప్పటికీ కొట్లాడుకుంటున్నారు. నాకైతే ఆ నవలలో నచ్చేది, భయపెట్టేది ఒకటే. కథ చెప్పే గొంతే మనల్ని మోసం చేస్తుంది. అమీర్ అలీ మాటలు వింటూ వింటూ అతన్ని ఇష్టపడటం మొదలుపెడతాం. ఇష్టపడ్డామని గుర్తించేసరికి మన మెడమీద కూడా రుమాలు ఉంటుంది.

కోర్టు వార్తలు రాసేవాడిగా ఒక మాట. 1872 నాటి సాక్ష్య చట్టం 133వ సెక్షన్ నేరంలో భాగస్వామి గవాహీకి పనికొస్తాడంది. అదే చట్టం 114వ సెక్షన్ ఉదాహరణల్లో, వేరే రుజువు తోడు లేకపోతే అతని మాట నమ్మదగింది కాదని న్యాయమూర్తి అనుకోవచ్చంది. అంటే వాడి మాట విను, కానీ జాగ్రత్తగా విను. చీకటి నవలలు చదవడానికి కూడా ఇదే ఖాయిదా.

అటు అమెరికాలో ఈ రకం కథ ముదిరింది 1929 ఆర్థిక సంక్షోభం చుట్టూ. బ్యాంకులు మూతపడ్డాయి, కష్టపడితే బతుకుతావన్న మాట మీద భరోసా పోయింది. పింకర్టన్ డిటెక్టివ్ కంపెనీలో పనిచేసిన డాషియల్ హామెట్ 1929లో రెడ్ హార్వెస్ట్ రాశాడు. ఊరికి ఊరే కుళ్లిపోయాక దొంగ ఎవరని వెతకడంలో అర్థం లేదని ఆ నవల చెప్పింది. జేమ్స్ ఎం. కెయిన్ 1934లో పోస్ట్‌మాన్ ఆల్వేస్ రింగ్స్ ట్వైస్ రాశాడు. 1945లో ఫ్రాన్సులో గాలిమార్ ప్రచురణ సంస్థ సెరీ నోయిర్ అని, అంటే నల్ల వరస అని, ఇట్లాంటివాటికి ఒక సిరీస్ మొదలుపెట్టింది. నోయిర్ అన్న ముద్ర అట్లా పడింది.

దోపిడీ, దగా రెండూ కలిసిన కథలు 1950ల నుంచి జోరందుకున్నాయి. లయనెల్ వైట్ రాసిన క్లీన్ బ్రేక్ నుంచి కూబ్రిక్ 1956లో ది కిల్లింగ్ సినిమా తీశాడు. గుర్రప్పందేల మైదానంలో ఖజానా కొట్టేస్తారు. చివరికి విమానాశ్రయంలో పెట్టె తెరుచుకుని నోట్లన్నీ గాలికి ఎగిరిపోతాయి. రిచర్డ్ స్టార్క్ పేరుతో డొనాల్డ్ వెస్ట్‌లేక్ 1962లో రాసిన ది హంటర్‌లో పార్కర్ అనే దొంగను పెళ్లామూ, భాగస్వామీ కలిసి ముంచుతారు. అతను తన వాటా కోసం ఊరంతా తవ్విపోస్తాడు. ఆ వాటా కూడా దొంగసొమ్మే అన్న సంగతి మనకు చాలాసేపు గుర్తురాదు. మన దేశంలో రైల్వే స్టాళ్లను ఏలిన చేజ్ ఇంగ్లీషువాడు. అసలు పేరు రెనే రేమండ్. అమెరికాను ఎక్కువగా నక్షాల్లో, యాసల డిక్షనరీల్లో చూసే రాశాడు. 1959లో ఆయన రాసిన ది వరల్డ్ ఇన్ మై పాకెట్ అబ్బాకు చాలా ఇష్టం. పది లక్షల డాలర్లున్న ఇనప లారీని ముఠా ఎత్తుకుపోతుంది. ఎత్తుకుపోయాక దాన్ని తెరవలేకపోతుంది. ఖజానా చేతిలోనే ఉంది, ముట్టుకోలేరు. ఒకరినొకరు అనుమానించుకుంటూ, భయపడుతూ రాలిపోతారు. ఆ నవల అబ్బా మూడుసార్లు తెచ్చుకున్నట్టు లైబ్రరీ చీటీలున్నాయి.

హిందీలో సురేంద్ర మోహన్ పాఠక్ చేజ్‌ను తర్జుమా చేశాడు. తన విమల్‌ను కూడా సృష్టించాడు. విమల్ సర్దార్జీ. పెళ్లాం, ఆమె యార్ కలిసి దొంగతనం మీద పెట్టి జైలుకు పంపితే, పారిపోయి నిజంగానే దొంగవుతాడు. 1977లో వచ్చిన పైంసఠ్ లాఖ్ కీ డకైతీలో బ్యాంకు దోపిడీ ఉంది, ఆ తర్వాత జట్టులోనే దగా ఉంది.

ఇక మా జిల్లా సంగతి. 1974లో బనగానపల్లె బ్యాంకు దోపిడీ జరిగింది. ఒకప్పుడు నవాబుల జాగీరు, బెనిషాన్ మామిడికి పేరుపడ్డ ఊరు అది. ఆ దోపిడీతో స్టువర్టుపురం టైగర్ నాగేశ్వరరావు పేరు కర్నూలు జిల్లా ఇళ్లల్లో పిల్లల్ని భయపెట్టే పేరైంది. 1980లో పోలీసు కాల్పుల్లో ఆయన చనిపోయాడు. 2023లో రవితేజతో సినిమా కూడా వచ్చింది. అంతకుముందే యండమూరి వీరేంద్రనాథ్ గారి స్టువర్టుపురం పోలీస్ స్టేషన్ నవలగా, 1991లో చిరంజీవి సినిమాగా వచ్చింది. సినిమా చూసి ఈలలు వేసినవాళ్లలో నేనూ ఒకణ్ని.

కానీ స్టువర్టుపురం అన్న పేరు ఎక్కడినుంచి వచ్చింది? మద్రాసు ప్రభుత్వంలో పెద్ద అఫ్సర్ హెరాల్డ్ స్టువర్ట్ పేరది. 1871లో ఇంగ్లీషువాళ్లు నేరస్థ జాతుల చట్టం తెచ్చారు. 1911లో అది మద్రాసు ప్రెసిడెన్సీకి కూడా వచ్చింది. ఎరుకల కుటుంబాలను పట్టుకొచ్చి బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతికింద ఒక సెటిల్‌మెంట్‌లో పెట్టారు. వేలిముద్రలు, హాజరు, ఊరు దాటాలంటే పాసు. ఉప్పు, ధాన్యం గాడిదల మీద ఊరూరా తిప్పి అమ్ముకునే వాళ్ల వ్యాపారాన్ని రైళ్లు, ఉప్పు చట్టాలు మింగేశాయి. తర్వాత సర్కారు వాళ్లను పుట్టుకతోనే దొంగలంది. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం పోయింది. ముద్ర పోలేదు. స్టువర్టుపురంలో మాస్టర్లున్నారు, రైతులున్నారు, ఉద్యోగులున్నారు. సినిమా వాళ్లకు మాత్రం దొంగలే కావాలి.

ఇక్కడే నాకు కితాబుల మధ్య తేడా తెలిసింది. పోలీసు దఫ్తరు అడిగే సవాలు: ఇది ఏ జాతివాడి పని? డిటెక్టివ్ నవల అడిగేది: ఇది ఎవరి పని? చీటింగు, దోపిడీ, దగాల నల్ల నవల అడిగేది వేరు: నీ ముందు ఆ సంచి ఉంటే నువ్వేం చేసేవాడివి? మొదటి సవాలు మమ్మల్ని వరసలో నిలబెడుతుంది. ఎక్కడో బాంబు పేలితే ఎమ్మిగనూరులో టీ తాగుతున్న నా వైపు చూపులు తిరిగిన రోజులు నాకు తెలుసు. టేలర్ నవల చదివి ఠగ్గులంటే అమీర్ అలీలే అనుకున్న దొరలు కూడా ఉండే ఉంటారు. రెండో సవాలులో ఎవరో ఒకరు దొరికాక మిగతా అందరం కడిగిన ముత్యాలమైపోతాం. మూడో సవాలు ఎవర్నీ వదలదు. పేరు, మజ్హబ్, కులం చూడదు. అందుకే అది చీకటి కథ అయినా నాకు ఇన్సాఫ్ ఉన్న కథగా కనపడుతుంది. సూఫీలు నఫ్సె అమ్మారా అంటారు, చెడు వైపు ఉసిగొల్పే మనసు. అది అందరికీ ఉంటుంది. ఖురాన్‌లో అన్నిటికన్నా అందమైన ఖిస్సా అని పేరుపడ్డ యూసుఫ్ కథ చూడండి. అన్నల దగా, అమ్మేయడం, అబద్ధపు నింద, ఖైదు, ఆఖరికి తమ్ముడి మూటలో దొరికిన గిన్నె. ఆ కథ మనల్ని యూసుఫ్‌తో పాటు బావిలోకీ దింపుతుంది, అన్నలతో పాటు బావి గట్టు మీదా నిలబెడుతుంది.

ఇంకొకటి. మా రెండు ఊళ్లూ భరోసా మీద నడిచే ఊళ్లు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు 1938లో చేనేత సహకార సంఘం పెట్టారు. సంఘం నూలిస్తుంది, నేతగాడు ఇంట్లో మగ్గం మీద నేసి బట్ట తెచ్చిస్తాడు, కూలి తీసుకుంటాడు. నూలు ఇంటికి పోయిందంటే అది అమానత్. ఆదోనిలో రైతు పత్తి దింపి, దలాలీ అంగట్లో పట్టీ రాయించుకుని, పైసలు రేపు ఎల్లుండి అంటే సరేనని బండి తోలుకుపోతాడు. దుకాణానికి తాళం పగిలితే కొత్త తాళం కొనుక్కోవచ్చు. ఖయానత్ జరిగితే బజారు మొత్తం ఒక పూట ఆగిపోతుంది. అందుకే దోపిడీ కన్నా దగా కథే మా ఊళ్లల్లో ఎక్కువ రోజులు బతుకుతుంది.

కోట గురించి కూడా పెద్దలు అట్లాంటి ఖిస్సానే చెప్తారు. 1686లో బీజాపూర్ పడిపోయినా, ఆదోనిలో సిద్దీ మసూద్ ఖాన్ ఔరంగజేబుకు లొంగలేదు. 1688లో ఘాజీఉద్దీన్ ఫిరోజ్ జంగ్ ముట్టడించాడు. కోట గట్టిది. అప్పుడు ఫిరంగులను కోట వైపు కాదు, మసూద్ ఖాన్ ప్రాణంగా కట్టుకున్న జామా మసీదు వైపు తిప్పారట. మసీదు దెబ్బతినకూడదని ఆయన తలుపులు తెరిచాడట. ఆదోని ఇంతియాజ్‌గఢ్ అయ్యింది. కొట్టింది ముసల్మానే, లొంగింది ముసల్మానే, మధ్యలో తాకట్టు మసీదు. మనిషి ప్రేమే అతని బలహీనత అని చెప్పే ఏ చేజ్ నవలా దీన్ని దాటిపోలేదు. మసీదు ఇంకా ఉంది. జుమ్మాకు నేనూ పోతుంటాను.

ఇప్పుడు అబ్బా సంగతి ముగిస్తాను.

ఆయన ఇంతెకాల్ అవడానికి ముందు ఏడాది, 2012 రంజాన్‌లో, తరావీ నుంచి వస్తూ అడిగాను. "అబ్బా, అప్పుడు కేసు ఎందుకు పెట్టలేదు?" చాలాసేపు నడిచాం. తర్వాత చెప్పాడు.

దోస్తు పారిపోవడానికి ముందటి సీజన్లో ఒక రోజు, బ్యాంకు నుంచి అంగడికి పైసలు తేవాల్సింది. రైతులకివ్వాల్సినవి. రోజూ ఇద్దరు పోయేవాళ్లు, ఆ రోజు రెండోవాడికి జ్వరం. సంచి చంకలో పెట్టుకుని సైకిలెక్కిన అబ్బా అంగడి వైపు తిరగలేదు. స్టేషన్ వైపు తిరిగాడు. ఎందుకో తనకే తెలియదన్నాడు. ప్లాట్‌ఫాం బెంచీ మీద కూర్చున్నాడు. మా ముఖాలు గుర్తుకు రాలేదట. చెల్లి నిఖా గుర్తొచ్చిందట, దానికి కావాల్సిన పైసలు గుర్తొచ్చాయట. బొంబాయి వైపు పోయే బండి వచ్చింది. ఆగింది. పోయింది. అబ్బా లేచి అంగడికి వెళ్లి లెక్క అప్పజెప్పాడు. ఆలస్యం ఎందుకని సేట్ అడిగితే సైకిల్ పంక్చరన్నాడు.

"ఎందుకు ఎక్కలేదు అబ్బా?"

"ఇమాన్ ఆపిందని చెప్పుకోవాలని ఉంది బేటా. రోజాలో ఉన్నా, ఝూట్ ఎందుకు? టికెట్ కిటికీ దగ్గర లైను పెద్దగా ఉండింది."

నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

"వాడు పోయిన రోజు స్టేషన్‌కు పోయి ఏం రాయించాలి? వాడికి ఆ రోజు లైను చిన్నగా ఉందని రాయించాలా? పైసలు నేను కట్టగలను, కట్టాను. వాణ్ని ముజ్రిమ్ అని నా నోటితో అనలేకపోయాను."

ఇరవై రెండేళ్లు అమ్మీకి కూడా చెప్పని మాట. కితాబుల్లో మాత్రం రోజూ చదువుకున్నాడు. సంచి పట్టుకుని బండెక్కినవాళ్ల గతి ఏమైందో, ఎక్కనివాడు రాత్రిపూట కూర్చుని చదువుకునేవాడు. ఫరీదీ వచ్చి ఆయన్ను పట్టుకునేది లేదు, ఎందుకంటే ఆయన ఏ నేరమూ చేయలేదు. ఆయన్ను వదిలేసేదీ లేదు, ఎందుకంటే ఆ బెంచీ మీద ఎంతసేపు కూర్చున్నాడో ఆయనకు తెలుసు.

నేరం చేయడానికీ ఆలోచించడానికీ తేడా లేదని నేననను. ఆ తేడా మీదే ఖానూన్ నిలబడింది, మా దీన్ కూడా నిలబడింది. అబ్బా పైసలు అప్పజెప్పాడు, దోస్తు తినేశాడు. ఇరవై కుటుంబాలకు ఆ తేడా పెద్దదే. అయితే ఆ తేడా ఎంత సన్ననిదో తెలిసిన మనిషి పక్కవాడిని తీర్పు తీర్చేముందు ఒక నిమిషం ఆగుతాడు. ఆ నిమిషం కోసమే ఈ కితాబులు అనుకుంటాను.

అద్దె లైబ్రరీ మూతపడి చాలా కాలమైంది, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ల అంగడి. మూసేటప్పుడు ఉర్దూ గోడ మొత్తం కిలోల లెక్కన అమ్మితే అబ్బా ఒక గోనెసంచి నిండా కొన్నాడు. అవి నా దగ్గరున్నాయి, చీటీ లెక్కల పుస్తకంతో పాటు. మా అబ్బాయి తెలుగు మీడియం, ఉర్దూ అక్షరాలు కూడబలుక్కుంటాడు. మొన్న ఒక అట్ట చూసి అడిగాడు, "అబ్బా, ముజ్రిమ్ అంటే ముద్దాయా?"

కాదు నాన్నా, కొంచెం తేడా ఉంది, కూర్చో చెప్తానన్నాను.